మిగతా బంధువులు

మా నాన్న పోయినప్పుడు బడ్డీకి వేలాడదీసిన అట్ట ఇంకా నా దగ్గర ఉంది. చుట్టూ నల్లటి అంచు, మధ్యలో ‘శోకం వల్ల మూసివేయడమైనది’ అని అచ్చు అక్షరాలు. ఏథెన్స్ పక్కన మా రేవు పట్టణం పీరేయస్‌లో ఏ పుస్తకాల కొట్టుకు వెళ్లినా దొరుకుతుంది. ‘ఇల్లు అద్దెకు ఇవ్వబడును’ అనే అట్ట పక్కనే పెడతారు. పోయింది ఎవరో దాని మీద ఉండదు. పేటలో అందరికీ తెలిసిన సంగతే కదా, మళ్లీ రాయడం ఎందుకని కాబోలు.

అది ఎనభై ఏడో సంవత్సరం, ఈస్టర్ ముందు వారం. మూడు రోజులు మూశాం. ఆ తర్వాత పొద్దున్నే వెళ్లి అట్ట తీసి, సిగరెట్ల అర కింద దాచి, మళ్లీ లోపల కూర్చున్నాను.

మా నాన్న హారిలాస్ తన కుడికాలి వేళ్లు అల్బేనియా మంచులో వదిలేసి వచ్చిన సిపాయి. యుద్ధం అయ్యాక ప్రభుత్వం ఆ వేళ్లకు బదులుగా కమీనియా కూడలిలో బడ్డీ పెట్టుకోమని లైసెన్సు ఇచ్చింది. సిగరెట్లు, పత్రికలు, ఆస్పిరిన్, బూట్ల లేసులు, దువ్వెనలు, ఐస్‌క్రీములు, పక్కన మీటరున్న ఫోను. పేటలో మనిషికి ఉన్నట్టుండి ఏది కావలసి వచ్చినా మా దగ్గరికే రావాలి. లోపల మాత్రం ఒక్కరికే చోటు. కూర్చుని చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. అమ్మ పోయి, నాన్నకు మోకాళ్లు కూడా మొరాయించాక ఆ చోటు నాదైంది. నాన్న దాన్ని వరమనే అనుకున్నాడు. “నేను పోయినా నీకు లోటు లేదే స్మారో. పెళ్లి చేసుకోకుండా ఉంటే చాలు, ఈ బడ్డీ పెట్టె నీ పేరు మీదికి వస్తుంది,” అనేవాడు. ప్రేమగానే అనేవాడు పాపం.

నలభయ్యో రోజు ప్రార్థన అయ్యాక లైసెన్సు మార్పించుకోవడానికి ఏథెన్స్‌లో ఆఫీసుకు వెళ్లాను. అక్కడి గుమాస్తా మర్యాదస్తుడు, కుర్చీ చూపించాడు.

“పెళ్లయిందా అండీ?”

“లేదండి.”

“నిశ్చితార్థం?”

“అదీ లేదు.”

“మంచిది. అలాగే ఉండండి,” అన్నాడు. వేళాకోళం కాదు, మనస్ఫూర్తిగానే అన్నాడు. “పెళ్లయిన రోజున లైసెన్సు మళ్లీ ప్రభుత్వానికి వచ్చేస్తుంది. అన్నదమ్ములున్నా వాళ్లకు రాదు, ఎవరికీ రాదు. పెళ్లికాని కూతుళ్లకు రక్షణగా పెట్టిన రూలు అది.”

“దేన్నించి రక్షణ?” అన్నాను.

“ఆకలి నుంచి అండీ.”

ముప్పై తొమ్మిదేళ్ల మనిషిని, పెళ్లికాలేదని రుజువు చేసే కాగితం ఒకటి సంచిలో పెట్టుకుని రైలెక్కాను. ఆ రైల్లో నాకు సిగ్గేసింది, ఎందుకో ఇప్పటికీ చెప్పలేను.

తమ్ముడు పాండెలీస్ పేరామా ఓడల యార్డులో వెల్డర్. యార్డు మూతబడ్డాక సాయంత్రాలు బడ్డీలో వాడే కూర్చునేవాడు. పగలంతా నేను. వాడి పెళ్లాం రూలా, కూతురు దియోనీ, నేను, అందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. దియోనీ మరుసటి ఏడు యూనివర్సిటీ పరీక్ష రాయాలి. లా చదువుతానని పట్టుదల. ట్యూషన్ లేకుండా మా దేశంలో ఆ పరీక్ష ఎవరూ గట్టెక్కరు. ఆ ట్యూషనూ, ఇంట్లో వండుకునే కూరా, అన్నీ బడ్డీ కిటికీలోంచే వచ్చేవి.

ఇక సిదేరిస్ సంగతి. అతను ట్రాలీ బస్సు డ్రైవరు. మా కూడలి మలుపులో ఆ బస్సుల నెత్తిన ఉండే కొమ్ములు కరెంటు తీగ నుంచి ఊడిపోవడం మామూలే. డ్రైవరు దిగి, వెనక్కి వెళ్లి, తాడు లాగి కొమ్మును మళ్లీ తీగకు తగిలించాలి. అలా దిగినప్పుడు బడ్డీ దగ్గరికి ఒక అడుగు. అన్ని బస్సుల్లోకీ సిదేరిస్ బస్సు కొమ్మే అక్కడ ఎక్కువసార్లు ఎందుకు ఊడుతుందో డిపోలో ఎవరికీ అంతుపట్టలేదు. తొమ్మిదేళ్లుగా ఊడుతూనే ఉంది. బస్సులో జనం తిడుతుంటే అతను తీరిగ్గా పిప్పరమెంట్లు కొనేవాడు. నాన్న బతికుండగా, ఆయన్ని ఎవరు చూస్తారని పెళ్లి చేసుకోకుండా ఆగాం. ఆదివారాలు మధ్యాహ్నం అతని గదికి వెళ్లేదాన్ని. వెళ్లేటప్పుడు చర్చికి వేసుకునే బట్టలే వేసుకునేదాన్ని.

ఆ జూన్‌లో బాస్కెట్‌బాల్‌లో దేశం గెలిచింది. ముసలివాళ్లు కూడా వీధుల్లో గెంతారు. మర్నాడు పొద్దున కొమ్ము ఊడింది. సిదేరిస్ వచ్చి కిటికీలో తల పెట్టాడు. అరిచి అరిచి గొంతు పోయింది.

“గొంతు బిళ్లలు,” అన్నాడు గుసగుసగా.

ఇచ్చాను.

“ఇంకోటి కూడా,” అన్నాడు. “పెళ్లి చేసుకుందాం.”

“గొంతు వచ్చాక అడుగు,” అన్నాను.

“గొంతు వస్తే ధైర్యం పోతుంది.”

వెనక బస్సులోంచి ఎవరో కేకేశారు. నేను గబగబా అన్నాను, “చేసుకుంటే ఈ పెట్టె పోతుంది సిదేరిస్. తెలుసు కదా.”

“పోనీ. నువ్వు బయటికి వస్తావు. నా జీతం ఇద్దరికి చాలదా?”

నువ్వు బయటికి వస్తావు అన్నాడు. ఆ మాట పట్టుకుని నేను ఆ రోజంతా లెక్క తప్పి చిల్లర ఎక్కువిచ్చాను. బేరం లేని వేళల్లో నాలో నేను ఒక మాట అని చూసుకునేదాన్ని. ‘మా ఆయన భోజనానికి వస్తాడు.’ ‘మా ఆయనకు ఉప్పు పడదు.’ పేటలో ప్రతి ఆడమనిషీ కిటికీ దగ్గర నిలబడి రోజుకు పదిసార్లు అనే మాట. నా నోట్లో మాత్రం కొత్త చెప్పులా కరిచేది.

పెళ్లికి ముందు పత్రికలో ప్రకటన ఇవ్వాలి, అది చట్టం. ఫలానావాడి కొడుకు ఫలానావాడు, ఫలానావాడి కూతురు ఫలానా ఆమెను, ఫలానా చర్చిలో పెళ్లాడబోతున్నాడని. ఆగస్టు నెలాఖరు ఆదివారానికి ముహూర్తం అనుకున్నాం. ఇంట్లో నేనే నెమ్మదిగా చెప్పుకుంటానన్నాను. రోజూ చెప్పాలనుకునేదాన్ని. దియోనీ పుస్తకాలు ముందేసుకుని నిద్రపోతుండేది, నేను లైటు తీసి వచ్చేసేదాన్ని.

“ఎవరూ చదవని పత్రికలో వేయిద్దాం. నువ్వు చెప్పేలోపు మీ తమ్ముడి కంట పడకుండా ఉంటుంది,” అన్నాడు సిదేరిస్. తన తెలివికి తనే మురిసిపోయాడు. నేనూ మురిశాను. పత్రికలు అమ్మేదాన్ని, నాకైనా తెలియొద్దూ?

ఎవరూ కొనని ఆ పత్రిక మా బడ్డీకి ఒక్కటే వచ్చేది. అది మిల్తియాదిస్ గారి కోసం. ఆయన కోర్టులో రాతపని చేసి రిటైరైన పెద్దమనిషి. ఎంత ఎండలోనైనా కోటు విప్పడు, మెడకు బో టై కట్టకుండా బయటికి రాడు. అందరూ కొనే పత్రికను జనం సగమే చదువుతారు. ఒక్కడే కొనే పత్రికను ఆ ఒక్కడూ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదువుతాడు. ఈ సంగతి మా ఇద్దరికీ తట్టలేదు.

జులైలో వచ్చింది ఎండ. అలాంటి ఎండ నేను అంతకుముందు చూడలేదు. బడ్డీ రేకు మీద చెయ్యి పెడితే కాలేది. చాక్లెట్లు కాగితాల్లోనే నీరైపోయాయి. శవపేటికలు చాలడం లేదని రేడియోలో చెప్పారు. తడి తువ్వాలు మెడకు చుట్టుకుని, కాళ్లు నీళ్ల బకెట్‌లో పెట్టుకుని కూర్చునేదాన్ని. పెట్టెలో ఊపిరాడేది కాదు. ఇంకెన్నాళ్లులే అనుకునేదాన్ని.

ఆ వారంలోనే ఒక పొద్దున, పత్రికలను తాడుకు క్లిప్పులతో తగిలిస్తుంటే ఆ పత్రిక చేతికొచ్చింది. లోపలి పేజీ తిప్పి చూశాను. ఉంది. మా ఇద్దరి పేర్లు, ఇద్దరి తండ్రుల పేర్లు, చర్చి పేరు. కాసేపు అలాగే చూస్తూ నిలబడ్డాను. అచ్చులో నా పేరు చూడటం అదే మొదలు. ఆ తర్వాత భయం వేసింది. మడిచి బకెట్ వెనక పెట్టాను.

మిల్తియాదిస్ గారు వేళకు వచ్చారు.

“ఈవాళ రాలేదండీ,” అన్నాను.

“రాలేదా?”

“వ్యాను వాడు మర్చిపోయినట్టున్నాడు.”

“యుద్ధంలో కూడా వచ్చింది,” అన్నారాయన. ఒక్క క్షణం నా మొహం వైపు చూసి, టోపీ సర్దుకుని, నడి ఎండలో రైలు కట్ట వైపు నడిచారు. వద్దండీ, ఎండ, అని నేను వెనక నుంచి పిలుస్తూనే ఉన్నాను. కట్ట అవతల ఇంకో బడ్డీ ఉంది.

ఆయన తిరిగి వచ్చేసరికి మొహం కందిపోయింది. ఒక చేతిలో పత్రిక, ఇంకో చేతిలో భూతద్దం. నేను అబద్ధం ఆడానని తెలిసిపోయి, ఏం దాచానా అని దారిలోనే పేజీ పేజీ వెతికారు. కోర్టు మనిషి కదా. నీళ్లిచ్చాను. తాగి, బో సర్దుకుని, ఫోను కోసం వరసలో నిలబడ్డ వాళ్లందరికీ వినపడేలా, తీర్పు చదివినట్టు చదివారు.

“...మరియు స్మరాగ్ద, హారిలాస్ కుమార్తె, జన్మస్థలం పీరేయస్, నివాసం అదే.” భూతద్దం జేబులో పెట్టుకున్నారు. “శుభఘడియ రావాలి, స్మారో. ఇంత మంచి వార్తను దాస్తావేమిటమ్మా?”

బ్రెడ్డు కొట్టు కాలియోపి చేతిలో ఫోను పట్టుకునే ఉంది. అవతలి మనిషిని వదిలేసి ఇటు తిరిగింది. “ఏంటీ? మన ట్రాలీ బస్సా?” అంది.

మధ్యాహ్నానికి పేటంతా వచ్చి, పెళ్లి కుదిరినవాళ్లకు చెప్పే ఆ ‘శుభఘడియ రావాలి’ చెప్పి వెళ్లింది. కొందరు సంతోషంగా చెప్పారు. కొందరు చెప్పి, బడ్డీని ఒకసారి పైనుంచి కిందికి చూశారు.

పాండెలీస్ రోజూకంటే ముందే వచ్చాడు. అరుస్తాడనుకున్నాను. వాడు కిటికీ పక్కన నేల మీద చతికిలబడి, నీడలో వీపు ఆనించి కూర్చున్నాడు. నాకు వాడి నెత్తి మాత్రమే కనిపిస్తోంది. వెంట్రుకలు పల్చబడ్డాయని అప్పుడే చూశాను.

“మంచోడేనా అక్కా?” అన్నాడు.

“మంచోడే.”

“ఎన్నాళ్లయింది?”

“చాలా ఏళ్లు.”

“నాకు చెప్పొచ్చు కదా.”

“చెబితే ఏం చేసేవాడివి?”

వాడు ఆలోచించాడు. “ఏమో. అప్పుడు నాకు యార్డులో పని ఉండేది. డాన్సు చేసేవాణ్ణి.”

ఆ రోజు తలుపులన్నీ మూసి, చీకటి చేసుకుని, ఒక్క ఫ్యాను ముందు ఇంటిల్లిపాదీ కూర్చున్నాం. రూలా నా చెయ్యి పట్టుకుంది.

“మేం వద్దంటామా వదినా? నీ పెళ్లికి నేను కన్నీళ్లు పెట్టుకుంటాను, సంతోషంతో. కానీ కాగితం దేనికి? ఆయన్ని ఇక్కడికే తెచ్చేసుకో. పై గదికి సున్నం వేయిస్తాం. ఎవడడుగుతాడు?”

“పేట అడగదా?”

“పేటతో నేను మాట్లాడతాగా,” అంది రూలా.

మాట్లాడింది కూడా. ఆ వారం మనుషులను నేను కొత్తగా చూశాను. దర్జీ పని చేసుకునే వితంతువు ఇంట్లోకి ఒక మగమనిషి సూట్‌కేసుతో వెళ్లాడని ఆమె దగ్గర బట్టలు కుట్టించుకోవడం మానేసిన మనిషి కాలియోపి. పేటలో సగం మందిచేత మాన్పించింది కూడా. అదే కాలియోపి కిటికీ మీద మోచేతులు ఆనించి నాకు బోధ చేసింది.

“ఈ రోజుల్లో కాగితం ఎవరు చూస్తున్నారమ్మాయ్? మనసులు కలవాలి గానీ. ఏథెన్స్‌లో డాక్టర్లూ ఇంజనీర్లూ కూడా ఊరికే ఉంటున్నారంట.”

“మరి దర్జీ ఆవిడ?”

“దానికి బడ్డీ ఉందా ఏంటి?” అంది.

నిజం చెప్పాలంటే వాళ్లకూ భయమే. లైసెన్సు వెనక్కి పోతే ఏ ఊరివాడో వచ్చి కూర్చుంటాడు. వాడి దగ్గర ఇంటి తాళాలు వదిలి వెళ్లగలరా? ఓడ మీదున్న కొడుకు ఫోను చేస్తే వాడు లేచి వెళ్లి తలుపు కొట్టి పిలుస్తాడా? ఆ పనులన్నీ నావి. పేటకు నేను పెట్టెలో కావాలి.

చివరికి ఫాదర్ ప్రొకోపిస్ కూడా వచ్చారు. గొంతు సవరించుకున్నారు. వివాహం పవిత్రమైన సంస్కారమని మొదలుపెట్టారు. మధ్యలో దియోనీ ట్యూషన్ గురించి అడిగారు. “దేవుడికి తొందరేం లేదమ్మా స్మరాగ్దా. ఆయన దగ్గర కాలానికి కొదవా?” అన్నారు. పిప్పరమెంట్లు తీసుకుని వెళ్లిపోయారు.

నాకు ఒళ్లు మండింది. నలభై ఏళ్ల పాటు నా పరువు కాపాడిన జనమే ఇప్పుడు దాన్ని వదిలెయ్యమని బతిమాలుతున్నారు. నవ్వూ వచ్చింది. ఆ నవ్వు చెప్పుకోవడానికి సిదేరిస్ ఉన్నాడు కదా, అదే నా ధీమా. కొమ్ము ఊడినప్పుడల్లా జరిగిందంతా చెప్పేదాన్ని, ఇద్దరం నవ్వేవాళ్లం. “నీది పెట్టె, నాది తీగ. ఇద్దరిలో ఒకళ్లమైనా బయటపడాలి,” అనేవాడు.

ఎండలు కాస్త తగ్గాక పాండెలీస్ అతన్ని ఆదివారం భోజనానికి పిలిచాడు. రూలా బియ్యం కూరిన టమాటాలు చేసింది. సిదేరిస్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఒక పెద్ద పుచ్చకాయ చంకలో పెట్టుకుని వచ్చాడు. అతని గదిలో కిటికీ ఎప్పుడూ మూసే ఉండేది, తొమ్మిదేళ్లలో అతన్ని నిండు మనిషిగా వెలుతురులో తీరిగ్గా చూడటం అదే మొదలు. అతనికి కొంచెం గూని ఉందని కూడా అప్పుడే గమనించాను. నాకు గర్వంగానే అనిపించింది.

భోజనం సగంలో పాండెలీస్ నోరు విప్పాడు.

“బావా,” అన్నాడు.

వాడు అతన్ని ఆ వరస పెట్టి పిలవడం అదే మొదటిసారి. పిలిచింది పెళ్లి వద్దని చెప్పడానికి.

“బావా, నువ్వు ఇవాళ్టి నుంచి ఈ ఇంటి మనిషివి. నాకు అన్నలాంటివాడివి. నేను నిన్ను ఏమీ దాచకుండా అడుగుతున్నా. యార్డు మళ్లీ తెరుస్తారంటున్నారు, ఎప్పుడో తెలీదు. నాకింకో పని రాదు. ఈ పిల్ల చదువు అయ్యేదాకా ఆగలేవా?”

సిదేరిస్ ఫోర్కు కింద పెట్టాడు. “నేను స్మారోకు మాటిచ్చాను,” అన్నాడు. నేను అతని వైపే చూస్తున్నాను. గట్టిగానే అన్నాడు.

అప్పుడు దియోనీ లేచి నిలబడింది. పదిహేడేళ్ల పిల్ల. “నేను ట్యూషన్ మానేస్తాను,” అంది. “బట్టల ఫ్యాక్టరీలో మనుషులు కావాలంట, మా ఫ్రెండు చెప్పింది. అత్తా, నువ్వు చేసుకో. నిజంగా అంటున్నా. నువ్వు ఆ పెట్టెలోంచి బయటికి రా.” ఏడవడం లేదు. నిజంగానే అంటోంది.

రూలా ఏప్రన్ అంచు నోటికి అడ్డం పెట్టుకుంది. సిదేరిస్ పళ్లెంలో పుచ్చకాయ ముక్కలోంచి గింజలు ఒక్కొక్కటీ తీసి అంచున పెడుతున్నాడు. గింజలన్నీ తీశాక కూడా తినలేదు.

“అదీ ఒక దారే కదా, స్మారో,” అన్నాడు.

“ఏది?”

“ఈ పిల్ల చదువయ్యేదాకా. ఎలాగూ కలిసే ఉంటాం. నాకు పెన్షన్ వచ్చాక సాయంత్రాలు నేను కూర్చుంటాను బడ్డీలో. నీకూ కాస్త విశ్రాంతి.”

పాండెలీస్ లేచి వెళ్లి అతన్ని కౌగిలించుకున్నాడు. దియోనీ మాత్రం నన్నే చూస్తోంది.

కాదు అనొచ్చు నేను. ఆ బల్ల చుట్టూ ఒకసారి చూశాను. నన్ను ప్రేమించని వాళ్లు ఒక్కరు కూడా లేరు. అక్కడే ఉంది చిక్కంతా. తిరగబడాలంటే ఎదురుగా కనీసం ఒక్క చెడ్డ మనిషైనా ఉండాలి.

“పుచ్చకాయ బాగుంది,” అన్నాను. పళ్లేలు తీసుకుని వంటింట్లోకి వెళ్లి కడగడం మొదలుపెట్టాను. కడిగినవే మళ్లీ కడిగాను.

ఆగస్టు నెలాఖరు ఆదివారం నేను బడ్డీ తెరిచాను. సాయంత్రం సిదేరిస్ సూట్‌కేసుతో వచ్చాడు. రూలా పై గదిలో పక్క మీద కొత్త దుప్పటి పరిచింది. పెళ్లిలో ఇద్దరి తలల మీదా పెడతారని అతను ముందే కొన్న పూల కిరీటాలు రెండూ పెట్టెతో సహా బీరువా మీద పెట్టాం. పంచడానికి ఆర్డరిచ్చిన చక్కెర బాదంపప్పులను మిఠాయివాడు వెనక్కి తీసుకోనన్నాడు. సీసాలో పోసి బడ్డీలో అమ్మాను. చలికాలం దాకా వచ్చాయి. బాగున్నాయని అందరూ అన్నారు.

ఆ తర్వాత మా మలుపులో అతని బస్సు కొమ్ము ఊడటం మానేసింది. దిగాల్సిన పని లేదు కదా, రాత్రికి ఎలాగూ ఇంటికే వస్తాడు. కిటికీలోంచి చెయ్యి ఊపి వెళ్లిపోయేవాడు. మంచి మనిషి. నాతో ఒక్కనాడూ గట్టిగా మాట్లాడలేదు. పిల్ల చదువు అయింది, లాయరైంది. అప్పుడు యార్డు పూర్తిగా పోయింది. పాండెలీస్‌కు నడుం పట్టేసింది. ప్రతి ఏడూ ఏదో ఒకటి ఉండేది. పెళ్లి మాట ఎవరం ఎత్తలేదు. ఎత్తితే ఆ ఆదివారం భోజనం దగ్గరికి వెళ్లాల్సి వస్తుంది.

పెన్షన్ తీసుకున్నాక సిదేరిస్ ఎక్కువ కాలం లేడు. ఒక ఫిబ్రవరిలో మెట్లెక్కుతూ కూలబడ్డాడు, ఆసుపత్రికి చేరేలోపే పోయాడు. ఆసుపత్రిలో బంధువులెవరని అడిగారు. నేనన్నాను. ఏమవుతారన్నారు. దియోనీ వాళ్లతో చట్టం భాషలో చాలాసేపు మాట్లాడి వచ్చి, నా పక్కన కూర్చుని, “అత్తా, నువ్వు సంతకం పెట్టి తీసుకెళ్లడానికి లేదు. ఖియోస్ దీవి నుంచి వాళ్ల చెల్లెళ్లు రావాలి,” అంది. అప్పుడు ఏడ్చింది, ఆ రోజు బల్ల దగ్గర ఏడవని పిల్ల. సముద్రం మీద గాలి ఎక్కువగా ఉందని ఓడలను కదలనివ్వలేదు. చెల్లెళ్లు వచ్చేదాకా అతను అక్కడే, ఆ చలి గదిలో ఉన్నాడు. చూడటానికి కూడా నన్ను పంపలేదు.

మా దగ్గర ఎవరైనా పోతే కాగితం అచ్చువేసి పేటలో స్తంభాలకు అంటిస్తారు. ఖననం ఎప్పుడు, ఏ చర్చిలో, దుఃఖిస్తున్నవారు ఎవరు అని. అంటించే మనిషి మా కూడలికి వచ్చేసరికి అతని టేపు అయిపోయింది. కిటికీ దగ్గరికి వచ్చి టేపుందా అని అడిగాడు. నన్ను ఎరిగినవాడే, తల దించుకునే అడిగాడు. ఇచ్చాను. ట్రాలీ తీగ స్తంభానికి, నాకు చెయ్యి చాపితే అందేంత దూరంలో అంటించి వెళ్లాడు. లోపల కూర్చునే చదివాను. దుఃఖిస్తున్నవారు: చెల్లెళ్లు, పేర్లు. మేనల్లుళ్లు, పేర్లు. చివర అందరి కాగితాల మీదా ఉండే మాటే ఉంది. మిగతా బంధువులు.

అది నేను.

సిగరెట్ల అర కిందికి చెయ్యి పెట్టి వెతికాను. నాన్న అట్ట అక్కడే ఉంది, అంచులు పసుపుపచ్చగా అయ్యాయి. కిటికీ రేకు దించి, దానికి తగిలించాను. పాండెలీస్ నడుం పట్టుకుని రొప్పుతూ వచ్చాడు.

“అక్కా, లైసెన్సు ఆఫీసు నుంచి ఎవడైనా వచ్చి చూస్తే? ఎవరి కోసం మూశావంటే ఏం చెబుతాం?”

“అట్ట మీద పేరు లేదు కదరా,” అన్నాను.

వాడు అట్ట వంక చూసి, నా వంక చూసి, స్తంభానికి ఆనుకున్నాడు.

తాళం వేస్తుంటే ఎవరో కొత్త మనిషి వచ్చాడు. ఓడ దిగినవాడిలా ఉన్నాడు, భుజాన సంచి.

“ఒక్క సిగరెట్ పెట్టె ఇచ్చి మూసెయ్యమ్మా,” అన్నాడు. అప్పుడు అట్ట చూశాడు. “అయ్యో. ఎవరు పోయారు?”

“మా ఆయన,” అన్నాను.

అతను టోపీ తీశాడు. “మీకు ఆయుష్షు ఉండాలి,” అన్నాడు. పోయినవాళ్ల ఇంటివాళ్లకు చెప్పే మాట అది. వాళ్లకు తప్ప ఇంకెవరికీ చెప్పరు. అతను సిగరెట్ల కోసం రైలు కట్ట వైపు వెళ్లాడు. మూడు రోజులు మూశాను, నాన్నకు మూసినట్టే.